తెల్లచొక్కా పరీక్ష

నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు నోరు తెరవగానే అడిగేది ఒక్కటే: "ఏ కెమెరా మంచిదక్కా?" దానికి ఒక్క మాటలో జవాబు లేదు. అందుకే, స్టూడియో మూసేసి ఇంట్లో కూర్చున్న ఈ తీరికలో నాలుగు పేజీలు రాస్తున్నాను. నాకు ఎవరెవరు శాలువాలు కప్పారో, ఏ పెద్దవాళ్ల పక్కన నిలబడ్డానో ఇందులో ఉండదు. శాలువాలు బీరువాలో ఉన్నాయి, చలికాలంలో పనికొస్తున్నాయి.

నా పేరు సలోమి. పుట్టింది జమ్మలమడుగులో, మిషన్ బడిలో పాఠాలు చెప్పే అయ్యవారి ఇంట్లో. మా ఆయన జయరాజు కూడా బడిపంతులే. పెళ్లయ్యాక ఆయన ఉద్యోగం పులివెందులలో. మేం అద్దెకున్న మిద్దె కింద కరీముల్లా భాయ్ స్టూడియో ఉండేది. పెళ్లికూతుళ్లను, ఘోషా ఇళ్లలోని ఆడవాళ్లను ఫోటో తీయడానికి ఆయనకు ఒక ఆడమనిషి కావలసి వచ్చింది. నాకు ఇంట్లో పొద్దుపోక వెళ్లాను, పని అంటుకుంది. తర్వాత మా ఆయనకు ప్రొద్దుటూరు బదిలీ అయితే అక్కడ సొంతంగా స్టూడియో పెట్టుకున్నాను. రీళ్ల కాలం పోయి అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరాలు వచ్చాక వాటిని అమ్మాను కూడా. ఎవరు ఎక్కడ కొన్నా తెచ్చి నాకు చూపించేవాళ్లు. కాబట్టి నాకు బాగా తెలిసింది ఆ చిన్న కెమెరాల సంగతే. ఇప్పుడు వాటి బదులు ఫోన్లు వచ్చాయి. కెమెరా మారినా పరీక్ష మారలేదు.

పెట్టె మీద అంకె

కొనేవాళ్లు కెమెరాను చూసేవాళ్లు కాదు, పెట్టె మీద అంకెను చూసేవాళ్లు. "ఎన్ని మెగాపిక్సెల్ ఉండాది?" అని అడిగేవాళ్లు. ఎదురింటివాళ్ల కెమెరా కంటే తమదాంట్లో ఎక్కువుంటే చాలు, కడుపు నిండేది. ఆ అంకె ఫోటోను ఎంత పెద్దగా అచ్చు వేసుకోవచ్చో చెబుతుంది, అంతే. చేను ఎన్ని ఎకరాలో చెబితే పంట ఎంతో చెప్పినట్టు కాదు కదా.

కరీముల్లా భాయ్ నాకు మొదట నేర్పింది ఇదే. "పెట్టె మీద రాసింది చదవొద్దు బేటీ. రాసినోడు అమ్మేటోడే గదా. ఫోటో మూలలు చూడు. నడుమ నిలబడితే ఎవురైనా బాగనే ఉంటారు" అనేవాడు. గోడకు న్యూస్ పేపరు అతికించి, నిండుగా ఫోటో తీసి, మూలల్లో అక్షరాలు నాతో చదివించేవాడు. నడుమనున్న పెద్ద వార్త ఏ కెమెరాలోనైనా కనపడుతుంది. అడుగున మూలలో వేసిన చావు ప్రకటనలో పేరు చదవగలిగితే ఆ లెన్సు మంచిది. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. గ్రూపు ఫోటో చూస్తే నా కళ్లు ముందు మూలల్లో నిలబడ్డవాళ్ల మీదికి పోతాయి. పెళ్లిళ్లలో పేద చుట్టాలు నిలబడేది అక్కడే.

జూమ్ అని మురిసిపోయేవాళ్లు మరికొందరు. అందులో రెండు రకాలున్నాయి. లెన్సు ముందుకు జరిగి నిజంగా దగ్గరికి చూడడం ఒకటి. తీసిన బొమ్మనే లోపల సాగదీసి చూపించడం రెండోది. గోరంతను కొండంత చేసేది ఈ రెండోదే, దాన్ని నమ్మకూడదు. జూమ్ లాగి తీసిన ఫోటో నా దగ్గరికి వస్తే, ఎక్కడిదాకా కన్ను చూసింది, ఎక్కడినుంచి అబద్ధం మొదలైంది అని ముందు వెతికేదాన్ని.

సెల్లుల సంగతి కూడా చెప్పాలి. మా వైపు కరెంటు ఎప్పుడుంటుందో ఆ దేవుడికే తెలియాలి. ఛార్జరు కెమెరా కొన్నవాడు పల్లెలో పెళ్లి మధ్యలో చేతులెత్తేసేవాడు. పెన్సిల్ సెల్లులతో నడిచేది కొనమని చెప్పేదాన్ని. ఏ పల్లె అంగడిలోనైనా అగ్గిపెట్టెల పక్కన అవి దొరుకుతాయి.

ఇక కెమెరా వెనక, తీసిన ఫోటో చూపించే బుల్లి అద్దం. ఎండలో దాంట్లో ఏమీ కనపడదు. నీడలో చూస్తే చెత్త ఫోటో కూడా బ్రహ్మాండంగా కనపడుతుంది. మా రైతులు దీనికో ఉపాయం కనిపెట్టారు. తువ్వాలు నెత్తిమీద కప్పుకుని, ఆ నీడలో కెమెరా పట్టుకుని చూసేవాళ్లు. వెనకటికి పెట్టె కెమెరాల వాళ్లు నల్లగుడ్డలో దూరినట్టే ఉండేది. నేను నవ్వుకునేదాన్ని, తర్వాత నేనూ అదే చేశాను.

రిబ్బను రెండోసారి

చిన్న కెమెరాలు కొత్తగా వచ్చిన రోజుల్లో పులివెందులలో ఒక పార్టీ ఆఫీసు తెరుస్తుంటే, కరీముల్లా భాయ్ పిలిచాడని ప్రొద్దుటూరు నుంచి ఆయనకు తోడుగా వెళ్లాను. నాయకుడి అల్లుడు బెంగళూరు నుంచి వెండిరంగు కెమెరా తెచ్చాడు. "ఈ పొద్దు మా కెమెరానే. నువ్వు గమ్మునుండు భాయ్" అన్నాడు. భాయ్ తన కెమెరాను సంచిలో పెట్టుకుని పక్కకు తప్పుకున్నాడు.

నాయకుడు రిబ్బను కత్తిరించాడు, అల్లుడు నొక్కాడు. ఫోటోలో రిబ్బను నేలమీదుంది, నాయకుడు కత్తెర వైపు దిగులుగా చూస్తున్నాడు.

"ఏందిరా ఇది? కత్తెరలమ్మేటోని మాదిరి ఉండా!" అన్నాడాయన.

రిబ్బను మళ్లీ కట్టారు, మళ్లీ కత్తిరించాడు. ఈసారి ఫోటోలో ఆయన వీపు వచ్చింది. భాయ్ ఇక ఊరుకోలేక, "కత్తిరించొద్దప్పా. కత్తెర రిబ్బను మీద పెట్టి అట్లనే నిలబడు. పిల్లోడు నొక్కుకుంటాడు" అన్నాడు. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, ఫోటో వచ్చింది. తర్వాత ఆ వైపు ఏ ప్రారంభోత్సవానికి పోయినా నాయకులు కత్తెర ఆనించి కదలకుండా నిలబడేవాళ్లు. పనికంటే ఫోటో ముందు అనే ఆచారం మా కళ్లముందే పుట్టింది.

తప్పు అల్లుడిది కాదు. ఆ చిన్న కెమెరాలు మనం నొక్కినప్పుడు తీయవు, వాటికి బుద్ధి పుట్టినప్పుడు తీస్తాయి. మీట సగం నొక్కిపట్టి కాచుకుంటే ఆ ఆలస్యం తగ్గుతుంది. కొనేముందు ఊగే ఉయ్యాలను ఫోటో తీసి చూడండి. ఉయ్యాల ఎక్కడుండగా నొక్కారో అక్కడే పడితే కొనుక్కోండి.

గీటురాయి

ప్రొద్దుటూరు బంగారం ఊరు. అక్కడ కన్నతల్లి నగైనా గీటురాయి మీద గీసి చూడందే నమ్మరు. కెమెరాకు నా గీటురాయి మా ఆయన తెల్లచొక్కా.

మా ఆయన మంచి నలుపు. ఈ మాట ఆయన ముందే అంటాను. కొత్త కెమెరా వచ్చినప్పుడల్లా ఆయనకు ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా తొడిగించి, మిట్టమధ్యాహ్నం ఎండలో వీధి అవతల నిలబెట్టి ఫోటో తీసేదాన్ని. చిన్న కెమెరాకు ఇంతకంటే కష్టమైన పని లేదు. తెలుపు ఎక్కువ కనపడగానే, అబ్బో వెలుగు ఎక్కువైందనుకుని అంతా తగ్గించేస్తుంది. చొక్కా మడతలు ముద్దుగా వస్తాయి, మొహం మసిబొగ్గవుతుంది. మొహం కోసం వెలుగు పెంచితే చొక్కా తెల్లటి అట్టముక్క అవుతుంది. చొక్కా మడతా, మా ఆయన మీసమూ ఒకే ఫోటోలో కనపడితే అది మేలిమి. అలాంటివి చాలా తక్కువ చూశాను.

"నన్ను వడియాల మాదిరి ఎండబెట్టి కెమెరాలమ్ముకుంటాండావు" అని ఆయన సణిగేవాడు. కానీ పిలిస్తే వచ్చేవాడు.

తెల్లచొక్కాయే ఎందుకంటే, ఆ రోజుల్లో మా వైపు మగవాళ్లను ఫోటో తీయడమంటే తెల్లచొక్కాలను తీయడమే. పార్టీలు రెండైనా చొక్కా ఒకటే. జీపులో కూర్చున్నవాడిదీ తెలుపే, జీపు వెనక వేలాడేవాడిదీ తెలుపే. ఊళ్లు రెండుగా చీలి ఒకరినొకరు నరుక్కుంటున్న కాలం అది. నరికినవాడూ తెల్లచొక్కాలో ఉండేవాడు, పడినవాడూ తెల్లచొక్కాలోనే ఉండేవాడు. నా స్టూడియోకు రెండు పార్టీలవాళ్లూ వచ్చేవాళ్లు. ఒకరి పెళ్లి ఫోటోలు ఇంకొకరికి కనపడకుండా వేరువేరు బీరువాల్లో పెట్టేదాన్ని.

మొగం తేల్చు

ఒక ఎన్నికల సమయంలో కొండాపురం వైపు ఒక పల్లెలో ఊరేగింపు మీద రాళ్లు పడ్డాయి. రాళ్లతో మొదలై కొడవళ్లదాకా పోయింది. ప్రతాపు అనే పిల్లవాడు చచ్చిపోయాడు. అతని మేనమామ సుబ్బరాయప్ప ఆ ఊళ్లో ఒక పార్టీకి పెద్ద. రెండు మూడు రోజులకు ఒక మధ్యాహ్నం ఆయన జీపు మా స్టూడియో ముందు ఆగింది. ఆయనతో డ్రైవరు, ఇంకో ఇద్దరు, నాగన్న అనే అనుచరుడు ఉన్నారు. ఊరేగింపు ఫోటోలు తీసింది ఆ నాగన్నే. చేతిలో అతని చిన్న కెమెరా ఉంది. అందరూ తెల్లచొక్కాలే.

కెమెరాలోంచి ఫోటోల కార్డు తీసి కంప్యూటరులో పెట్టి చూశాను. నడి ఎండ, కూడలి, పక్కన ఒక ట్రాక్టరు. దూరంగా గుంపులో ఒక మనిషి కుడిచెయ్యి పైకెత్తి ఉన్నాడు, చేతిలో ఏదో మెరుస్తోంది. చొక్కా మడతలు లెక్కపెట్టవచ్చు. మొహం మాత్రం నల్లటి మచ్చ.

"ఆ చెయ్యెత్తినోని మొగం తేల్చాలమ్మా" అన్నాడు సుబ్బరాయప్ప.

తేల్చడమనే మాటకు రెండు పనులున్నాయి. మునిగినదాన్ని పైకి తేవడం ఒకటి. ఇది ఇంతే అని తగువు ముగించడం రెండోది. ఆయన రెండూ ఒకే మాటలో అడిగాడు.

"ఎవరప్పా అది?"

"ఎవురో మాకు తెలుసు. ఓబులేసు. మావాళ్లల్లో కొందరికి అనుమానం ఉండాది. మొగం తేలితే మిగతాది మేం చూసుకుంటాం."

ఓబులేసు నాకు తెలుసు. అదే ఊళ్లో రెండో పార్టీ మనిషి, ట్రాక్టరు తోలేవాడు. అతని పెళ్లికి ఫోటోలు తీసింది నేనే. తలంబ్రాల దగ్గర నవ్వు ఆపుకోలేక ప్రతి ఫోటోలోనూ కళ్లు మూసుకున్న పెళ్లికొడుకు. ఇప్పుడు నేను ఒక ఫోటో అచ్చు తీసిస్తే అతను బతకడు. సుబ్బరాయప్ప ఆ మాట దాచలేదు కూడా.

"పోలీసులకు ఇవ్వకూడదా అప్పా?"

"కోర్టులో తేలేదాకా ఉండేదెవురు, పోయేదెవురు? నువ్వు తేల్చు."

మా ఆయన బడికి సెలవు కావడంతో ఇంట్లోనే ఉన్నాడు. నన్ను లోపలికి పిలిచి, "ఏదో ఒకటి చేసిచ్చి పంపియ్యి. కాదంటే మనల్ని ఆ పార్టీ కింద జమకడతారు" అన్నాడు. పిల్లలు గుర్తొచ్చారు.

వచ్చి కూర్చుని వెలుగు పెంచాను. నల్లమచ్చ బూడిదరంగైంది. రాగిపిండి చల్లినట్టు చుక్కలు వచ్చాయి. కళ్లున్న చోట రెండు గుంటలు, కింద ఒక నీడ. ఆ నీడ మీసమో నోరో తెలియదు. నాగన్న జూమ్ పూర్తిగా లాగి తీశాడు కాబట్టి అంచులన్నీ గళ్లుగళ్లుగా ఉన్నాయి. ఆ లెన్సు చూసిందానికంటే కెమెరా అల్లింది ఎక్కువ.

"వాడే" అన్నాడు నాగన్న.

"వాడే" అన్నాడు డ్రైవరు.

చెప్పడానికి భయమేసే విషయం ఏమిటంటే, ఒక్క క్షణం నాకూ ఓబులేసే కనిపించాడు. పేరు చెవినబడ్డాక ఆ గుంటల్లో అతని కళ్లు కనిపించాయి. అప్పుడు నాకు కరీముల్లా భాయ్ మాట కాదు, మా ఆయన చొక్కా గుర్తొచ్చింది. ఈ కెమెరాను గీటురాయి మీద గీయకుండా నేను ఏం చెప్పినా అబద్ధమే.

"ముందు ఈ కెమెరా ఎట్లాంటిదో చూడాలప్పా. కొంచెంసేపు ఓర్చుకోండి" అని కార్డు మళ్లీ అందులో వేసి, కెమెరా తీసుకుని బయటికి నడిచాను.

బల్ల మీద మొహాలు

వీధి చివరిదాకా పోయాను. నాగన్న ఫోటోలో మనుషులు ఎంత చిన్నగా ఉన్నారో అంత చిన్నగా కనపడేదాకా పోయాను. జీపు దగ్గర నిలబడ్డ అనుచరుల పక్కన మా ఆయన్నూ నిలబడమని సైగ చేశాను. నాగన్న లాగినట్టే జూమ్ పూర్తిగా లాగి, నొక్కుతూ పోయాను. లోపల ఉక్కగా ఉందని సుబ్బరాయప్ప కూడా బయటికి వచ్చాడు. ఎదురు హోటలువాణ్ణి టీ తెమ్మని చెయ్యెత్తి పిలిచాడు. అప్పుడూ నొక్కాను. నేను కెమెరా బాగుందో లేదో చూస్తున్నానని వాళ్లెవరూ పట్టించుకోలేదు. నిజానికి నేను చేస్తున్నదీ అదే.

లోపలికొచ్చి, ఒక్కొక్కరి తల మాత్రం కత్తిరించి, కూడలి ఫోటోలో మొహం తేల్చినట్టే తేల్చి, అన్నీ ఒకే కొలతలో అచ్చు తీశాను. తీసినవెంటనే వెనక పెన్సిలుతో ఎవరో రాసుకున్నాను. రాయకపోతే నాకే తెలియదు. పేకముక్కల్లా కలిపేసి, కూడలి మొహాన్నీ వాటితో చేర్చి, అద్దం బల్ల మీద పరిచాను.

"వీటిల్లో ఓబులేసు ఎవరో చూపించండప్పా. మీరు చూపించిందే పెద్దది చేసిస్తాను."

"ఆటలాడతాండావా?" అని సుబ్బరాయప్ప గుడ్లురిమాడు.

"మీ ముందు ఆటలా అప్పా? అన్నీ ఈ కెమెరా తీసినవే. అందులో వాడుంటే మీకు తెలియాల గదా."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒక్కొక్కటీ చూస్తూ పోయాడు. కొన్నింటిని పక్కకు తోశాడు. ఒకదాని మీద వేలు ఆగింది, ఆ వేలు ఇక కదల్లేదు.

"ఈడే. ఈ దవడ చూడు, ఈ నుదురు చూడు. ఆ దొంగనాయాలిదే. వాళ్ల నాయన కాలం నుంచి చూస్తాండా, నాకు తెల్దా?"

నాగన్న ఆ ముక్క తీసుకుని తిరగేశాడు. ఆలోచించకుండా పైకే చదివాడు.

"పెద్దాయన అని రాసుండాది."

ఆ క్షణందాకా ఏది ఎవరిదో నాకూ తెలియదు. నాగన్న ముక్కను నిప్పు తాకినట్టు బల్ల మీద వదిలేశాడు. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. సుబ్బరాయప్ప నన్ను కొడతాడో, స్టూడియో పగలగొట్టమంటాడో అనుకున్నాను.

సుబ్బరాయప్ప ముక్కను తిరగేసి మళ్లీ చూశాడు.

"ఇది నేనా?" అని తన దవడ తడుముకున్నాడు. "నా మొగం ఇట్లుంటాదా?"

"ఆ దూరం నుంచి, ఆ ఎండలో, ఈ కెమెరాలో ఎవరి మొహమైనా అట్లే ఉంటుందప్పా. అందులో మొహం లేదు. మనకు కావలసినవాణ్ణి మనం పెట్టుకుంటాం."

ఆయన బల్ల ముందు స్టూలు మీద కూలబడ్డాడు. "ప్రతాపుగానికి మీసాలన్నా సరిగా రాలేదమ్మా. మా యక్కకు నేనేం చెప్పాల? ఎవురో ఒగరు ఉండాల గదా" అన్నాడు. కళ్లనిండా నీళ్లు. నాకూ ఏడుపొచ్చింది. మా ఆయన వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చాడు.

నీళ్లు తాగి లేచాడు. కార్డు పోలీసు స్టేషనులో ఇవ్వమని మళ్లీ చెప్పాను. "ఇస్తాంలే" అన్నాడు. తన ఫోటోముక్క మాత్రం జేబులో పెట్టుకుని పోయాడు. కార్డు తీసుకున్న నాగన్న కెమెరా బల్ల మీదే మరిచాడు. ఎన్నిసార్లు కబురు పంపినా దానికోసం రాలేదు.

దీంతో సుబ్బరాయప్ప సాధువయ్యాడని రాస్తే అది కట్టుకథ అవుతుంది. ఆ ఊళ్లో గొడవలు ఇంకా చాలాకాలం నడిచాయి. కార్డు స్టేషనుకు చేరిందనీ, ఫోటోలో మొహం తెలియడం లేదని వాళ్లూ అన్నారనీ విన్నాను. ఓబులేసు జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ చెయ్యెత్తినవాడు ఓబులేసు కాదని నేను అనలేదు. నాకు తెలియదు. ఆ కెమెరాకు తెలియదని మాత్రం చెప్పాను. మా పనిలో చెప్పగలిగింది అంతవరకే. ఒక అడుగు ముందుకేస్తే మనం ఫోటోగ్రాఫర్లం కాదు, సాక్షులం. అది కూడా చూడని సాక్షులం.

ఇప్పటి పిల్లలు నాకంటే కష్టకాలంలో ఉన్నారు. మీ ఫోన్లు మొహాన్ని నల్లగా వదిలేసి ఊరుకోవు. తెలియని చోట కళ్లు, ముక్కు, చర్మం తామే పూసి నున్నటి మొహం తయారుచేసిస్తున్నాయి. నాగన్న కెమెరా నాసిరకమే, కానీ తెలియనప్పుడు తెలియదని నల్లగా ఒప్పుకునేది. మీ ఫోను మంచిదో కాదో తేల్చాలంటే అది ఎంత బాగా చూస్తుందని అడగకండి. చూడలేనప్పుడు ఏం చేస్తుందో కనిపెట్టండి.

నీళ్లు వచ్చినాక

గండికోట జలాశయంలో నీళ్లు నిలిపినప్పుడు ఆ పల్లె మునిగింది. ఆ కూడలి ఇప్పుడు నీళ్ల కింద ఉంది. రెండు పార్టీలవాళ్లనూ తెచ్చి ఒకే కాలనీలో, పక్కపక్క వీధుల్లో పెట్టారు. ఇళ్ల పట్టాలకు ఫోటోలు కావాలంటే నేను కాలనీకి వెళ్లాను. అప్పటికి నాకు మోకాళ్ల నొప్పులు, స్టూడియో మూసే ఆలోచనలో ఉన్నాను. ఇంకా కరెంటు రాలేదు. ఆరుబయట, మధ్యాహ్నం ఎండలో, గోడ ముందు స్టూలు వేసి ఒక్కొక్కరినీ తీస్తున్నాను. వరుస సగంలో ఉండగా నా పెద్ద కెమెరా ఛార్జింగు అయిపోయింది. సంచి అడుగున, తిరిగి ఇచ్చేద్దామని తెచ్చిన నాగన్న కెమెరా ఉంది. నా దగ్గరున్న కార్డు పెట్టి, అంగడి నుంచి పెన్సిల్ సెల్లులు తెప్పించి వేశాను. పనిచేసింది.

అప్పుడొచ్చి కూర్చున్నాడు ఓబులేసు. జుట్టు నెరిసింది, కనుబొమ మీద పాత గాటు. ఒంటిమీద ఇస్త్రీ తెల్లచొక్కా.

"బాగుండావా అక్కా?"

"బాగుండా. నువ్వు?"

"ఇట్లుండా" అని స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "ఒగప్పుడు నా పటం ఒగటి నీ కాడికొచ్చిందంట. నువ్వు దాన్ని తేల్చలేదంట."

"ఎవరిదో పటం వచ్చింది. నీదని నేను అనలేదు, కాదనీ అనలేదు."

"ఆ పొద్దు ఆ కూడలి కాడ నేను..." అని మొదలుపెట్టాడు.

అతను ఏం చెప్పబోయాడో ఇప్పటికీ నాకు తెలియదు. వరుసలో రెండు పార్టీలవాళ్లూ నిలబడి ఉన్నారు. వింటే నేను దాన్ని ఎక్కడ దాచుకోవాలి?

"గడ్డం ఎత్తు" అన్నాను. "మాట్లాడొద్దు, కదిలిపోతావు."

నోరు మూసుకుని గడ్డం ఎత్తాడు.

నేను జూమ్ జోలికి పోలేదు. నా మోకాళ్లు ఒప్పుకోకపోయినా లేచి అతని దగ్గరిదాకా నడిచాను. అద్దం నిండా మొహమే ఉండేటట్టు చూసి, పట్టపగలే ఫ్లాష్ వేసి, మీట సగం నొక్కిపట్టి, అతను ఊపిరి వదిలాక పూర్తిగా నొక్కాను. చొక్కా కాలరు తెల్లగా తేలిపోయింది, ఒక్క మడత రాలేదు. పోతే పోనీ అనుకున్నాను. మొహంలో మాత్రం ప్రతి గీతా ఉంది. గాటు ఉంది, నెరిసిన మీసంలో వెంట్రుక వెంట్రుకా ఉంది. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి.

ఆ కెమెరా నాసిరకమని చాలాకాలం అందరికీ చెబుతూ వచ్చాను. అది దగ్గరికి వెళ్లి చూడవలసిన కెమెరా, అంతే.

"చూపియ్యక్కా" అని చెయ్యి చాపాడు. ఎండలో అద్దం తెల్లగా మెరుస్తోంది, ఏమీ కనపడలేదు. భుజం మీది తువ్వాలు తీసి నెత్తిమీద కప్పుకుని, కెమెరాను ఆ నీడలోకి తీసుకున్నాడు. వెనక వరుసలో జనం తొందరపడుతున్నా బయటికి రాలేదు. తువ్వాలు లోపల నుంచి గొంతు వినపడింది.

"ఇది నేనే గదక్కా."

"అవునప్పా," అన్నాను. "నువ్వే."